టిఫిన్ బండి వెనుక అదనపు వైరింగ్: వైరు కొనేముందు కాగితం మీద పూర్తి చేయాల్సిన లెక్క

మా బావమరిది తన మినీ ట్రక్కును టిఫిన్ బండిగా మార్చుకున్న తొలి వేసవిలోనే తలనొప్పి మొదలైంది. ఎండ ముదిరేసరికి వెనుక ఉన్న 12 వోల్టుల ఫ్రిజ్ ఆగిపోయేది. కాసేపటికి తనంతట తానే మొదలై మళ్లీ ఆగేది. ఫ్రిజ్ విప్పించి చూపించాడు, బండి బ్యాటరీ మార్చాడు. ఫలితం లేదు. నేను వెళ్లి వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు ఉన్నాయి. ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర కంప్రెసర్ అందుకునే క్షణంలో 10.9 చూపించింది. దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే ఖర్చవుతోంది. ఫ్రిజ్‌లో లోపం లేదు, బ్యాటరీలో లోపం లేదు. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి వైరే అసలు దోషి.

ఆ వైరింగ్ మొత్తం పీకేసి, మొదటి నుంచి కాగితం మీద లెక్క వేసి మళ్లీ చేశాం. ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. మీది టిఫిన్ బండి కాకపోయినా, పండ్ల రసాల బండి అయినా, కుటుంబంతో తిరిగే పెద్ద కారు అయినా లెక్క పద్ధతి ఇదే. అంకెలు మారతాయి, అంతే.

మొదట చూడాల్సినవి

మీ బండి ఎన్ని వోల్టులదో నిర్ధారించుకోండి. కార్లు, మినీ ట్రక్కులు 12 వోల్టులు. పెద్ద లారీలు, బస్సులు సాధారణంగా 24 వోల్టులు. 24 వోల్టుల బండికి 12 వోల్టుల సామాను తగిలిస్తే అక్కడికక్కడే కాలిపోతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. వెనుక బాడీ కట్టించే ఆలోచన ఉంటే రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడిగి, అనుమతి తీసుకుని మొదలుపెట్టండి. బండితో వచ్చిన వైరింగ్‌ను మాత్రం ఎక్కడా కోయవద్దు. వారంటీ పోవచ్చు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు రావచ్చు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతిలో ఆ వైర్లను ముట్టుకోవాల్సిన పనే లేదు.

వాడకం లెక్క

చాలామంది బ్యాటరీ కొనేసి, ఆ తర్వాత దానితో ఏమేమి నడుస్తాయో చూస్తారు. దీన్ని తలకిందులు చేయండి. చివరి బల్బు దగ్గర మొదలుపెట్టి బ్యాటరీ వైపు రండి. ప్రతి పరికరం మీద వాట్లు రాసి ఉంటాయి. వాట్లను రోజుకు వాడే గంటలతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. మా బండి లెక్క ఇది. వ్యాపారం తెల్లవారుజామున 5 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 9 దాకా.

- లోపలి ఎల్‌ఈడీ దీపాలు మూడు, మొత్తం 27 వాట్లు, 6 గంటలు: 162
- బయటి బోర్డు దీపం 24 వాట్లు, 4 గంటలు: 96
- పొగ లాగే ఫ్యాను 30 వాట్లు, 9 గంటలు: 270
- ఫ్రిజ్ 50 వాట్లు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి ఎండాకాలంలో సగం సమయం అనుకుని 14 గంటలకు: 350
- నీళ్ల పంపు 60 వాట్లు, అన్నీ కలిపి అరగంట: 30
- ఫోను ఛార్జింగ్, చెల్లింపులు చదివి వినిపించే సౌండు బాక్సు: 60

మొత్తం 968 వాట్ అవర్లు. వైర్లలో, జాయింట్లలో పోయేదానికి పది శాతం కలిపితే దాదాపు 1065.

ఇంకో లెక్క కూడా ఇక్కడే వేయాలి. అన్నీ ఒకేసారి నడిస్తే ఎంత లాగుతాయి? మా సౌండు బాక్సు, ఫోనులకు 15 వాట్లు అనుకుంటే మొత్తం 206 వాట్లు. దాన్ని 12తో భాగిస్తే దాదాపు 17 ఆంపియర్లు. బ్యాటరీ పరిమాణం మొదటి అంకెను బట్టి, మెయిన్ వైరు మందం రెండో అంకెను బట్టి తేలుతాయి. ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. ఒకదానితో రెండోది తేల్చబోతే దెబ్బతింటారు.

మిక్సీ సంగతి చాలామంది అడుగుతారు. 750 వాట్ల మిక్సీని ఇన్వర్టర్ మీద నడిపితే, ఇన్వర్టర్‌లో పోయేదాన్ని కూడా కలుపుకుని బ్యాటరీ నుంచి 70 ఆంపియర్లకు పైగా లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడింతలు. ఐదు నిమిషాల చట్నీ కోసం వేలి మందం కేబుల్, పెద్ద ఫ్యూజు, పెద్ద ఇన్వర్టర్ పెట్టాలి. చట్నీ ఇంట్లోనే రుబ్బి తెచ్చుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మా బండిలో ఇన్వర్టరే లేదు.

బ్యాటరీ

బండిని స్టార్ట్ చేసే బ్యాటరీ కొన్ని క్షణాలు వందల ఆంపియర్లు ఇవ్వడానికి తయారైంది. గంటల తరబడి కొద్దికొద్దిగా తోడితే త్వరగా చచ్చిపోతుంది. వెనుక సామానుకు ప్రత్యేక బ్యాటరీ తప్పదు.

లెడ్ యాసిడ్ ట్యూబులర్ రకం అయితే సగానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే మా అవసరానికి (1065ను 12తో భాగించి, రెట్టింపు చేస్తే) దాదాపు 180 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలి, దాని బరువు 60 కిలోల పైమాటే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని 80 శాతం దాకా వాడుకోవచ్చు. 100 ఆంపియర్ అవర్లది 12.8 × 100 = 1280 వాట్ అవర్లు, అందులో వాడదగినవి 1024. బరువు 12 కిలోల ప్రాంతంలో ఉంటుంది. మా లెక్కకు 40 వాట్ అవర్లు తక్కువే, కానీ మధ్యాహ్నం బండి ఇంటికి వస్తుంది కాబట్టి సరిపోతుంది. మేము అదే తీసుకున్నాం. కొనేటప్పుడు లోపల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఉందా, అది ఎన్ని ఆంపియర్ల దాకా ఇస్తుంది, ఎంత వేడిలో ఛార్జింగ్ ఆపేస్తుంది అని అడగండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో మూసి ఉన్న ఇనుప పెట్టెలోని బ్యాటరీకి ఛార్జింగ్ పెడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. నీడన, తలుపులు తీసి పెట్టండి.

ఛార్జింగ్ ఎక్కడి నుంచి?

ఇక్కడే అందరూ ఒకే మాట చెబుతారు: ‘ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి తీసుకోండి.’ ఆల్టర్నేటర్ అంటే ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే భాగం. మీ బండి రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో ముందు చూడండి. మా టిఫిన్ బండి ఇంటి నుంచి అడ్డాకు వెళ్లడానికి 20 నిమిషాలు. 20 ఆంపియర్ల ఛార్జర్ పెట్టినా ఆ 20 నిమిషాల్లో ఎక్కేది 7 ఆంపియర్ అవర్ల లోపే. దీనికోసం బండి ముందు ఉన్న స్టార్టింగ్ బ్యాటరీ నుంచి మందపు వైరు లాగడం, ఖరీదైన పరికరం పెట్టడం వృథా. కాబట్టి మేము ముందు బ్యాటరీకి, వెనుక బ్యాటరీకి సంబంధమే లేకుండా చేశాం. రాత్రంతా దీపాలు వెలిగినా పొద్దున బండి స్టార్ట్ అవుతుంది.

వెనుక బ్యాటరీకి ఇంట్లోనే ఛార్జింగ్. ఛార్జర్ ఇంటి గోడకే ఉంటుంది. బండి పక్కన 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్గు (ఎక్కువ కరెంటును తట్టుకునే డీసీ ప్లగ్గు) బిగించాం, ఛార్జర్ తీగ దానికి తగిలిస్తాం. ఇందులో ఒక పెద్ద మేలుంది. 230 వోల్టుల కరెంటు బండిలోకి అడుగు పెట్టదు. తడి చేతులు, తడి నేల, ఇనుప బాడీ ఉన్న చోట 230 వోల్టులు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఛార్జర్ పెట్టిన ఇంటి సాకెట్‌కు ఎర్త్ సరిగా ఉండాలి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. ఛార్జర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు తగినదై, 14.6 వోల్టుల దగ్గర ఆగేదై ఉండాలి. 20 ఆంపియర్లది అయితే ఖాళీ బ్యాటరీ ఐదారు గంటల్లో నిండుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు పెట్టినా 40 ఆంపియర్ అవర్లు తిరిగి వస్తాయి.

రోజూ మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసే బండి అయితే లెక్క మారుతుంది. అప్పుడు ఆల్టర్నేటర్ నుంచి తీసుకోవడం లాభమే. పాత బండి, లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే వోల్టేజిని బట్టి కలిపే రిలే (తనంతట తానే పనిచేసే స్విచ్) చాలు. అది 13.3 వోల్టుల ప్రాంతంలో రెండు బ్యాటరీలను కలిపి, 12.8 దగ్గర విడదీస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజిని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, ఆ రిలే అయోమయంలో పడుతుంది. లిథియం బ్యాటరీ నేరుగా కలిస్తే విపరీతంగా లాగి ఆల్టర్నేటర్‌ను కాల్చేయగలదు. ఈ రెండు సందర్భాల్లోనూ డీసీ టు డీసీ ఛార్జర్ (ఆల్టర్నేటర్ కరెంటును వెనుక బ్యాటరీకి తగినట్టు మార్చి, హద్దులో ఇచ్చే పరికరం) తప్పనిసరి. ముందు బ్యాటరీ నెగెటివ్ కొన మీద చిన్న సెన్సార్ ఉంటే, మీ నెగెటివ్ వైరును ఆ కొనకు కాక ఛాసిస్‌కు తగిలించండి. లేకపోతే బండి కంప్యూటర్‌కు మీ వాడకం లెక్కలోకి రాదు.

వైరు మందం

ఇంట్లో 230 వోల్టుల మీద ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల మీద ఒక వోల్టు పోతే ఎనిమిది శాతం పోయినట్టు. ఇంటి వైరింగ్ చేసే అనుభవంతో బండి వైరింగ్ చేస్తే తప్పు జరిగేది ఇక్కడే.

లెక్క తేలిక. వైరు పొడవు మీటర్లలో తీసుకోండి, వెళ్లే దారి తిరిగి వచ్చే దారి కలిపి రెట్టింపు చేయండి. దాన్ని ఆంపియర్లతో, 0.018తో గుణించి, చదరపు మిల్లీమీటర్లలో ఉన్న వైరు మందంతో భాగించండి. ఎన్ని వోల్టులు పోతాయో వస్తుంది. బావమరిది పాత వైరు 1 చదరపు మిల్లీమీటరుది. మలుపులు తిరిగి ఐదు మీటర్లు. కంప్రెసర్ అందుకునేటప్పుడు 8 ఆంపియర్లు. 2 × 5 × 8 × 0.018 ÷ 1 = 1.44 వోల్టులు. మల్టీమీటర్ చూపించింది దాదాపు అదే. అదే దారిలో 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉంటే పోయేది 0.24 వోల్టు మాత్రమే.

ఏ దారిలోనైనా మూడు శాతం, అంటే 0.36 వోల్టు మించి పోకుండా చూసుకోండి. దుకాణంలో ‘2.5 వైరు, 4 వైరు’ అని అడిగితే ఇస్తారు. మేము వాడినవి: దీపాలకు 1.5, ఫ్యానుకూ పంపుకూ 2.5, ఫ్రిజ్‌కు 4, ఛార్జింగ్ ప్లగ్గుకు 6, బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సుకు 10. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న రాగి వైరే కావాలి. ఒంటి తీగ వైరు బండి అదురుకు కొన్నాళ్లలో విరుగుతుంది. చవకగా దొరికే కొన్ని వైర్లలో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. చివర గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దనండి.

ఫ్యూజు కాపాడేది వైరును

ఫ్యూజు పరికరాన్ని కాపాడుతుందని చాలామంది నమ్మకం. అది కాపాడేది వైరును. వైరు ఎక్కడో ఇనుపరేకుకు తగిలి షార్ట్ అయితే, వైరు ఎర్రగా కాలేలోపు ఫ్యూజు ఎగిరిపోవాలి. అందుకే వైరు మందాన్ని బట్టి ఫ్యూజు ఎంచుకోవాలి. వేడి బండిలో నేను పాటించే హద్దులు: 1.5 వైరుకు 10 ఆంపియర్లు, 2.5కు 15, 4కు 20, 6కు 30, 10కి 40. పరికరం తక్కువే లాగేటప్పుడు ఇంకా చిన్న ఫ్యూజు పెట్టుకోవచ్చు, హద్దు దాటి పెద్దది మాత్రం వద్దు. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. డబ్బాలో ప్రతి రంగువీ రెండేసి ఉంచండి.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ కొనకు జానెడు లోపే ఉండాలి. దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరును ఏ ఫ్యూజూ కాపాడదు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇది నట్టుతో బిగించే రకం కావాలి. లిథియం బ్యాటరీ షార్ట్ అయినప్పుడు వచ్చే ఉధృతిని చిన్న బ్లేడు ఫ్యూజు ఆపలేకపోవచ్చు. ఛార్జింగ్ ప్లగ్గు వైరుకూ బ్యాటరీ వైపు ఫ్యూజు పెట్టాలి, ఎందుకంటే బయట ఎవరైనా ఆ ప్లగ్గులో ఇనుప ముక్క గుచ్చితే కరెంటు ఇచ్చేది బ్యాటరీయే.

గ్యాస్ సిలిండర్ ఉన్న బండిలో

దయచేసి ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. వంట గ్యాస్ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని కూర్చుంటుంది. స్విచ్ వేసినప్పుడు, రిలే కొట్టుకున్నప్పుడు కనిపించని చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రెండూ ఒకచోట చేరకూడదు. కాబట్టి ఫ్యూజు బాక్సు, స్విచ్‌లు, రిలేలు అన్నీ ఛాతీ ఎత్తుకు పైనే ఉండాలి. సిలిండర్ ఒక మూల ఉంటే బ్యాటరీ దానికి ఎదురు మూలలో, మధ్యలో రేకు అడ్డంతో ఉండాలి. నేల మట్టంలో గ్యాస్ బయటికి జారిపోయే రంధ్రాలు పెట్టించండి. పంపు నేల మీద ఉన్నా దాని స్విచ్ పైనే పెట్టండి. పొయ్యి వెనుక గోడ మీదుగా ఏ వైరూ వెళ్లకూడదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, అది పైకి పోతుంది, కాబట్టి దాని పెట్టెకు పైన బయటికి గాలి గొట్టం ఉండాలి.

వైరు నడిచే దారి

బాడీ రేకులు బిగించకముందే దారి గీసుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టిస్తున్నప్పుడే మేము లోపలి రేకు వేయకుండా రెండు రోజులు ఆపించాం. ఖాళీ ఫ్రేము మీద సుద్దముక్కతో వైరు దారులు గీసి, పురికొసతో పొడవులు కొలిచాం. రేకులు పడ్డాక ఈ పని పదింతలు కష్టం.

ఒకసారి వేరే బండిలో తరచూ ఫ్యూజు పోతోందని రేకు విప్పాను. వైరు ఇనుప కమ్మీలోని రంధ్రం గుండా వెళ్తోంది. రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్ లేదు. అదురుకు రేకు అంచు వైరు తొడుగును రంపంలా కోసేసింది. రాగి మెరుస్తోంది, రేకు మీద నల్లటి మచ్చ ఉంది. రూపాయల్లో దొరికే రబ్బరు ముక్క లేకపోవడం వల్ల వచ్చిన మచ్చ అది. రేకు దాటే ప్రతి రంధ్రానికీ గ్రోమెట్ వేయండి.

వైర్లన్నిటినీ ముడతల గొట్టంలో నడిపించి, మూరెడు దూరానికో టై బిగించండి. సైలెన్సర్‌కు, తిరిగే షాఫ్టుకు దూరంగా ఉంచండి. పెట్టెలోకి వెళ్లేముందు వైరును కాస్త కిందికి వంచి తర్వాత పైకి తీసుకెళ్లండి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లోపలికి పాకదు.

తిరుగు దారికి బండి బాడీని నమ్ముకోవద్దు. తర్వాత కట్టించిన బాడీలో రివెట్లు, రంగు, తుప్పు ఉంటాయి, కరెంటు ఎప్పుడు ఎలా వెళ్తుందో చెప్పలేం. ప్రతి పరికరానికీ నెగెటివ్ వైరు కూడా లాగి ఒకే బస్‌బార్ (వైర్లన్నీ బిగించే లోహపు పట్టీ) మీదికి తెచ్చాం. పొడవు రెట్టింపు అవుతుంది, ఖర్చు పెరుగుతుంది, కానీ దీపాలు మిణుకుమిణుకుమనడం పోతుంది.

జాయింట్లు

వైరు చివర పోగులు మెలితిప్పి స్క్రూ కింద పెట్టడం, టేపు చుట్టడం బండిలో పనికిరావు. వైరు మందానికి సరిపోయే, చివర తొడిగే రాగి లగ్గు, దాన్ని వైరు మీద గట్టిగా నొక్కే తగిన క్రింపింగ్ టూలు వాడాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే నొక్కినట్టే ఉంటుంది, నెలలోపు వదులవుతుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడిరావడమేదో ఇప్పుడే రావాలి, హైవే మీద కాదు. సోల్డరింగ్ చేస్తే సీసం వైరులోకి పాకి ఆ చోట బిరుసెక్కుతుంది, అదురుకు సరిగ్గా అక్కడే తెగుతుంది. క్రింపింగ్ చేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేయండి. ప్రతి వైరుకూ రెండు చివర్లా నంబరు రాయండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

1. ఫ్యూజులన్నీ తీసేసి, బ్యాటరీ కలపకముందే ప్రతి దారిలో పాజిటివ్‌కూ బాడీకీ మధ్య మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టండి. బీప్ రాకూడదు.
2. బ్యాటరీకి పాజిటివ్ ముందు, నెగెటివ్ చివరన కలపండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు. అలా అయితే పాజిటివ్ నట్టు తిప్పుతున్న స్పానర్ బాడీకి తగిలినా మెరుపు రాదు.
3. మెయిన్ ఫ్యూజు వేసి, ఒక్కో దారికి ఒక్కో ఫ్యూజు పెడుతూ ఆ పరికరాన్ని నడిపి చూడండి. అన్నీ ఒకేసారి పెడితే తప్పు ఎక్కడుందో తెలియదు.
4. అన్నీ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ప్రతి పరికరం దగ్గర ఒకసారి వోల్టేజి కొలిచి రాసుకోండి. మీ లెక్కకూ కొలతకూ తేడా ఎక్కువగా ఉంటే ఎక్కడో జాయింటు సరిగా పడలేదు.
5. అరగంట అలాగే నడవనిచ్చి, మెయిన్ స్విచ్ ఆపి, ప్రతి లగ్గునూ వేలితో తాకండి. మిగతావాటికంటే వెచ్చగా ఉన్నదాన్ని విప్పి మళ్లీ చేయండి.

నెల తిరిగాక నట్లన్నీ ఒకసారి బిగించండి. అదురుకు మొదటి నెలలోనే ఎక్కువ వదులవుతాయి. వైరు నంబర్లు, ఫ్యూజుల సైజులు, మొదటి రోజు కొలిచిన వోల్టేజిలు రాసిన కాగితాన్ని లామినేషన్ చేయించి ఫ్యూజు బాక్సు మూత లోపల అంటించాం. ఫ్రిజ్ వరుసలో ‘బ్యాటరీ 13.1, ప్లగ్గు 12.9’ అని ఉంది. బావమరిది దుకాణం తెరిచే ముందు వారానికోసారి ఆ రెండు చోట్లా కొలిచి, తేదీ వేసి దాని కిందే రాస్తాడు.